ఉమ్మడి పరిశోధన అంటే రక్తం మనది, పేపర్ వాళ్ళదేనా? బోదకాలు ప్రాజెక్టులో చేరే ముందు అడుగుతున్నా

కోనసీమ మైక్రో

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ అయిపోయింది. బోదకాలు మీద జరుగుతున్న ఒక ప్రాజెక్టులో రీసెర్చ్ ఫెలోగా పిలుపొచ్చింది. మన దేశంలోని ఒక సంస్థ, యూరప్‌లోని ఒక యూనివర్సిటీ కలిసి చేస్తున్న పని ఇది. ఊళ్ళలో రాత్రిపూట రక్త నమూనాలు తీయాలి. కొన్ని పరీక్షలు ఇక్కడే చేస్తారు, కొన్నిటికి నమూనాలు అక్కడికి పంపుతారు.

ఇంట్లో అందరూ సంబరంగా ఉన్నారు. మా సీనియర్ ఒకాయన మాత్రం "రక్తం మన పల్లెలది, పేపర్ వాళ్ళది, మందు ఎవరికొస్తుందో దేవుడికెరుక. మధ్యలో నువ్వు సూది గుచ్చే మనిషివి" అన్నారు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. జీతం కోసమే అయితే ఈపాటికి చేరిపోయేదాన్ని. రేపు ఏ ఊళ్ళోనైనా అరుగు మీద కూర్చున్న పెద్దావిడ "ఈ రక్తం ఎందుకమ్మా?" అని అడిగితే తడబడకుండా జవాబు చెప్పగలగాలి కదా.

ఇలాంటి ఉమ్మడి పరిశోధనల వల్ల పేదల జబ్బులకి నిజంగా మందులొచ్చాయా? వస్తే ఎవరికి అందాయి? తెలిసినవాళ్ళు చెప్పండి. అన్యాయం జరిగిన సంగతులు కూడా దాచొద్దు.

పాత ఫైలేరియా యూనిట్

అమ్మా, నేను ఫైలేరియా కంట్రోల్ యూనిట్‌లో పనిచేసి రిటైరయ్యాను. నువ్వు చేయబోయే పని ఎలా ఉంటుందో ముందు చెబుతాను.

రాత్రి ఎనిమిదిన్నర దాటాకే ఊళ్ళోకి వెళ్ళాలి. బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉండి, రాత్రయ్యాక చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. క్యూలెక్స్ దోమ కుట్టేది కూడా ఆ వేళకే. అందుకని పొలం నుంచి అలిసిపోయి వచ్చి పడుకున్న మనిషిని లేపి వేలు గుచ్చాల్సి వస్తుంది. స్పిరిట్ దూదితో తుడవడం, గుచ్చడం, స్లైడు మీద చుక్కని మందంగా పరచడం, నంబరు వేయడం. మర్నాడు ఆరిన స్లైడుని నీళ్ళలో ఉంచి ఎరుపంతా పోయాక జేఎస్‌బీ రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తే మైక్రోఫైలేరియా, అంటే ఆ పురుగు పిల్ల, నీలంగా, మెలికలు తిరిగి కనపడుతుంది. కాలు వాయని మనిషి రక్తంలో కూడా అవి కుప్పలుగా ఉండడం చూసి కొత్తవాళ్ళు బిత్తరపోయేవారు. జబ్బు పైకి కనపడేసరికి చాలా ఏళ్ళు గడిచిపోయి ఉంటాయి.

ఇక మందు సంగతి. మనం ఊరూరా పంచే డీఈసీ మాత్ర మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి చలవ. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన నడిపించిన బృందం 1947లో దీన్ని బయటపెట్టింది. మరుసటేడు ఆయన పోయారు. ఇప్పటికీ బోదకాలుకు మొదట వాడే మందుల్లో ఇదొకటి. కాబట్టి ఈ జబ్బు విషయంలో మనవాళ్ళు రక్తమే ఇచ్చారు అనడం సరికాదు. బుర్ర కూడా ఇచ్చారు.

మందుంది కదా అని మనిషి వేసుకోడు, అది వేరే కథ. పంపిణీ రోజున మాత్రలు తీసుకుని "అన్నం తిన్నాక వేసుకుంటాం" అని గూట్లో పెట్టేసేవారు. ఒంట్లో పురుగులు ఎక్కువున్నవాళ్ళకి మాత్ర వేసుకున్నాక అవి చచ్చేటప్పుడు జ్వరం, తలనొప్పి వస్తాయి. ఆ మాట ముందే చెప్పకపోతే ఆ వీధిలో మరుసటేడు ఒక్కరూ నోరు తెరవరు. చెప్పిన వీధిలో మాత్రం జ్వరం వచ్చినవాళ్ళే పక్కింటివాళ్ళకి ధైర్యం చెప్పడం చూశాను.

పరవాడ ఫార్మా

పైన మాస్టారు చెప్పినదానికి కొనసాగింపు.

2012 జనవరి 30న లండన్‌లో పెద్ద సమావేశం జరిగింది. మందుల కంపెనీలు, గేట్స్ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు, కొన్ని ప్రభుత్వాలు కలిసి, నిర్లక్ష్యానికి గురైన జబ్బుల మీద పనిచేస్తామని ఒప్పుకున్నాయి. అక్కడ జపాన్ కంపెనీ ఎయిసాయ్ 220 కోట్ల డీఈసీ మాత్రలు ఉచితంగా ఇస్తానని మాటిచ్చింది. ఆ మాత్రలు తయారయ్యేది ఎక్కడనుకున్నారు? మన విశాఖపట్నం దగ్గర. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నాణ్యత ఆమోదం వచ్చాక ఇక్కణ్ణుంచి దేశదేశాలకు వెళ్ళడం మొదలైంది.

నేను ఆ కంపెనీ మనిషిని కాదు, ఇదే ఏరియాలో వేరే చోట క్వాలిటీలో చేస్తాను. లాభం లేని మందుని నాణ్యంగా, నిరాటంకంగా తయారుచేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. ముడిసరుకు ధర పెరిగితే ముందు ఆపేసే ప్రొడక్ట్ ఇలాంటిదే. భీమవరం మనిషి కనిపెట్టిన మందు, జపాన్ డబ్బు, విశాఖ కార్మికుల చేయి, వేసుకునేది ఎక్కడో పసిఫిక్ దీవిలో పిల్లాడు. ఇందులో నాకు మోసం కనపడలేదు.

భద్రాద్రి గళం

చెల్లీ, మోసాలు కూడా చెప్పమన్నావు కాబట్టి రాస్తున్నా. పైవాళ్ళ మాటలు అబద్ధమని కాదు. కానీ ఖమ్మం జిల్లా పేరు ఎత్తకుండా తెలుగువాళ్ళు ఈ చర్చ ముగించకూడదు.

2009 జులైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చేది, వేశారు. అమెరికా సంస్థ పాత్, మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు. మన రాష్ట్రంలో సుమారు 14 వేల మంది పిల్లలు. గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇలాగే వేశారు. రెండుచోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు, అందులో ఐదుగురు మన దగ్గర. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికలో ఏముందో చదవండి. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు. 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు.

వార్డెన్ సంతకం. అమ్మానాన్న బతికే ఉన్నారు, పది పన్నెండు కిలోమీటర్ల అవతల గూడెంలో ఉన్నారు. ఆశ్రమ పాఠశాలలో బిడ్డని వదిలింది చదువు కోసం. ఆ బిడ్డ ఒంటి మీద నిర్ణయం వార్డెన్ చేతికి ఎవరిచ్చారు?

ఇంకా వెనక్కి వెళ్తే సికింద్రాబాద్. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమి దోమలో ఉందన్న రహస్యం పట్టుకున్నాడని బేగంపేటలో ఆ భవనాన్ని గొప్పగా చూపిస్తాం. ఆయనకి 1902లో నోబెల్ వచ్చింది. ఆ దోమలకి ఒళ్ళప్పగించిన రోగి పేరు హుస్సేన్ ఖాన్. కుట్టిన ఒక్కో దోమకి ఒక అణా ఇచ్చారు. ఆయన తర్వాత ఏమయ్యాడో ఎవరికి పట్టింది?

విశాఖ పిల్లల డాక్టర్

భద్రాద్రి గారూ, మీ కోపం న్యాయమైనదే. ఒక విషయం జోడించాలి, లేకపోతే చదివే తల్లులు టీకా అంటేనే భయపడతారు. ఆ మరణాలకీ టీకాకీ సంబంధం కనపడలేదని విచారణ జరిపిన నిపుణులు తేల్చారు. పాముకాటు, నీళ్ళలో మునగడం, పురుగుమందు, జ్వరాలు లాంటి కారణాలు బయటపడ్డాయి. అయినా సమ్మతి తీసుకున్న తీరు తప్పే. ఒక్క మరణం లేకపోయినా అది తప్పే అయ్యేది. ఈ రెండు మాటలూ కలిపి చెప్పకపోతే నష్టపోయేది మళ్ళీ ఆ గూడేల పిల్లలే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో ఆఖరి దశలో పెద్దాసుపత్రికి వచ్చేది ఎక్కువగా పేదింటి ఆడవాళ్ళు.

కోనసీమ అమ్మాయీ, నీ ప్రశ్నకి నాకు తెలిసిన మంచి జవాబు మద్రాసులో ఉంది. 1956లో ఐసీఎంఆర్, మద్రాసు ప్రభుత్వం, డబ్ల్యూహెచ్ఓ, బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి అక్కడ క్షయ చికిత్సా కేంద్రం పెట్టాయి. అప్పట్లో క్షయ వస్తే శానిటోరియంలో నెలల తరబడి మంచం, మంచి గాలి, పాలు, గుడ్లు అనేవారు. మన దేశంలో రోగులు లక్షల్లో, మంచాలు వేలల్లో. మరి మిగతావాళ్ళ సంగతేంటి?

వాళ్ళు మద్రాసు పేటల్లోని బీద రోగులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుని శానిటోరియంలో ఉంచారు. ఇంకో గుంపుకి అవే మాత్రలు, ఐసోనయజిడ్, పాస్, ఇంటి దగ్గరే. ఇంటి గుంపు తిండి అంతంతమాత్రం, ఒకే గదిలో ఇంటిల్లిపాదీ. ఏడాది తర్వాత చూస్తే ఇంట్లో ఉన్నవాళ్ళు కూడా దాదాపు శానిటోరియం వాళ్ళంత బాగానే కోలుకున్నారు. ఇంట్లో మిగతావాళ్ళకి జబ్బు అంటడం కూడా అదనంగా ఏమీ పెరగలేదు. 1959లో ఈ ఫలితం అచ్చయింది. ఆ తర్వాత ప్రపంచంలో శానిటోరియాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. లండన్‌లో రోగి కూడా మద్రాసు రోగి వల్ల ఇంట్లో ఉండి నయం చేసుకోగలిగాడు.

ఈ అధ్యయనంలో నన్ను ఎప్పుడూ కదిలించేది అది అడిగిన ప్రశ్న. మంచాలు లేని దేశానికి అవసరమైన ప్రశ్న అది. డబ్బు ఎక్కడిదైనా, ప్రశ్న మనదైతే జవాబు మనకి పనికొస్తుంది.

మదనపల్లె వాసి

డాక్టర్ గారు మద్రాసు అన్నారు, మా ఆరోగ్యవరం మర్చిపోకండి. డేనిష్ వైద్యులు ఫ్రిమోట్ మోలర్లు, తండ్రీ కొడుకులిద్దరూ, అక్కడ క్షయ మీద పనిచేశారు. 1948లో దేశంలో బీసీజీ టీకాలు మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. చుట్టుపక్కల ఊళ్ళలో ఇల్లిల్లూ తిరిగి చేసిన క్షయ సర్వేలని ఇప్పటికీ పుస్తకాల్లో చెబుతారు. మా తాతల తరంవాళ్ళు ఆ డాక్టర్ల పేర్లు దేవుడి పేర్లలా తలుచుకునేవారు.

విశాఖ పిల్లల డాక్టర్

నిజమే. బీసీజీ మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. 1968లో చెంగల్పట్టులో డబ్ల్యూహెచ్ఓ, అమెరికా ప్రజారోగ్య శాఖతో కలిసి ఐసీఎంఆర్ చేసిన బీసీజీ ట్రయల్‌లో లక్షల మంది పాల్గొన్నారు. పెద్దవాళ్ళకి వచ్చే ఊపిరితిత్తుల క్షయని ఆ టీకా ఆపలేదని తేలింది. అందరూ ఆశించినదానికి పూర్తిగా వ్యతిరేకం. అయినా దాచలేదు. పదిహేనేళ్ళు అవే ఊళ్ళు తిరిగి లెక్క తేల్చి ప్రచురించారు. కొత్త క్షయ టీకా కోసం ఇవాళ ఇంత వెతుకులాట జరగడానికి ఆ ఫలితం ఒక కారణం.

రావులపాలెం రాజు

పసిపిల్లలకి విరేచనాలు తెచ్చే రోటావైరస్ టీకా గురించి ఎవరూ చెప్పలేదే? అది హైదరాబాద్‌లోనే కదా.

విశాఖ పిల్లల డాక్టర్

చెబుతాను, అది నాకు ఇష్టమైన విషయం. 1980ల నడిమి కాలంలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్ బృందం ఒక వింత గమనించింది. అప్పుడే పుట్టిన కొందరు పిల్లలకి రోటావైరస్ సోకింది, కానీ విరేచనాలు లేవు. అలా దొరికిన వైరస్ రకమే 116ఈ. దాన్ని టీకాగా మార్చడానికి దాదాపు ముప్ఫై ఏళ్ళు పట్టింది. మన బయోటెక్నాలజీ శాఖ, అమెరికా ఎన్‌ఐహెచ్, సీడీసీ, స్టాన్‌ఫర్డ్, పాత్, గేట్స్ ఫౌండేషన్, హైదరాబాద్ భారత్ బయోటెక్, ఇంతమంది చేతులు పడ్డాయి. ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది పసిపిల్లల మీద మూడో దశ ట్రయల్ జరిగింది. డోసు ఒక డాలరుకే ఇస్తామని కంపెనీ ముందే ఒప్పుకుంది. 2016లో ప్రభుత్వ టీకాల్లో చేర్చిన మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది.

రోటావైరస్ వల్ల వచ్చే తీవ్రమైన విరేచనాలను సగానికి కాస్త పైగా ఆపుతుంది. తక్కువే అనిపిస్తుంది. కానీ ఎండాకాలంలో, చలికాలంలో కళ్ళు లోపలికి పోయి, చర్మం లాగితే వెనక్కి రాని పసికందుని ఒళ్ళో పెట్టుకుని వచ్చే తల్లిని చూసినవాళ్ళకి ఆ సగం విలువ తెలుస్తుంది. పైన భద్రాద్రి గారు వేలెత్తి చూపిన సంస్థే ఇందులో కూడా ఉంది. సంస్థ పేరు చూసి మంచీ చెడూ తేల్చలేం. ఒక్కో ప్రాజెక్టునీ విడిగా చూడాలి.

బ్లాంటైర్ తెలుగు

మలావీ నుంచి రాస్తున్నా. ఇక్కడ మందుల సరఫరా కంపెనీలో పనిచేస్తున్నాను. ఇంతవరకు మనవాళ్ళ మీద జరిగిన పరిశోధనల గురించే మాట్లాడుతున్నారు. మన టీకా ఇంకొకరి పిల్లల మీద పరీక్షించినప్పుడు మనం ఎటువైపు నిలబడతాం?

హైదరాబాద్‌లో తయారైన టైఫాయిడ్ టీకా, టైప్‌బార్ టీసీవీ, 2018లో ఇక్కడ బ్లాంటైర్‌లో ట్రయల్‌కి వచ్చింది. 28 వేలకి పైగా పిల్లలు. సగం మందికి ఇది, మిగతా సగానికి మెనింజైటిస్ టీకా. నేపాల్, బంగ్లాదేశ్‌లలో కూడా ఇదే పరిశోధకుల కూటమి ట్రయల్స్ చేసింది. ఇక్కడా, నేపాల్‌లోనూ టీకా టైఫాయిడ్‌ని దాదాపు 80 శాతం ఆపింది.

దానికి కొద్ది నెలల ముందే, 2017 చివర్లో, ఈ దక్షిణ మలావీలో రక్తం పీల్చే మనుషులు తిరుగుతున్నారని పుకారు లేచింది. జనం గుంపులుగా పడి అమాయకులను కొట్టి చంపారు. ఐక్యరాజ్యసమితి కూడా కొన్ని జిల్లాల నుంచి సిబ్బందిని వెనక్కి పిలిచింది. అలాంటి చోట జ్వరం వచ్చిన పిల్లాడి నుంచి రక్తం తీసి ల్యాబ్‌కి పంపాలంటే ఎంత నమ్మకం కావాలి? నా పక్క వీధి తల్లి ఒకామె ఆ ట్రయల్‌లో తన బిడ్డని చేర్చింది. ఎందుకు ఒప్పుకున్నావని అడిగాను. వచ్చి మాట్లాడిన నర్సు తన పేటకి చెందినదే, తన భాషలోనే చెప్పింది, మళ్ళీ మళ్ళీ వచ్చింది, జ్వరమొస్తే ఏ క్లినిక్‌కి వెళ్ళాలో చూపించింది, అక్కడ నిజంగానే వైద్యం దొరికింది అంది. ఆమెకి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

2023లో మలావీ ప్రభుత్వం ఆ టీకాని దేశమంతా ఇవ్వడం మొదలుపెట్టింది. ట్రయల్ చేసిన దేశానికే టీకా రావడం నా కళ్ళతో చూశాను. భద్రాద్రి అన్నా, మీరు అడిగిన ప్రశ్నలన్నీ మన హైదరాబాద్ కంపెనీలని కూడా అడగండి. ఇక్కడివాళ్ళ తరఫున అడగడానికి మనకి హక్కుందనుకుంటున్నా.

భద్రాద్రి గళం

తప్పకుండా అడుగుతాం. నా గొడవ విదేశీ అనే మాటతో కాదు. బలమున్నవాడు బలం లేనివాడి ఒంటి మీద పనిచేసేటప్పుడు ఎవరు కాపలా ఉంటారన్నదే నా గొడవ. మీ పక్కింటి తల్లికి మళ్ళీ మళ్ళీ వచ్చిన నర్సు ఉంది. మా పిల్లలకి ఆ నర్సు లేదు.

లైడెన్ పోస్ట్‌డాక్

నేను నెదర్లాండ్స్‌లో పరాన్నజీవుల మీద పనిచేస్తున్నాను. డబ్బు, పెత్తనం ఎవరి చేతిలో ఉంటాయో చెబితే మీకు పనికొస్తుంది.

2003లో రెండు ప్రయత్నాలు మొదలయ్యాయి. ఒకటి ఈడీసీటీపీ. యూరప్ దేశాలు, సహారా దిగువన ఉన్న ఆఫ్రికా దేశాలు కలిసి క్షయ, మలేరియా, హెచ్ఐవీల మీద క్లినికల్ ట్రయల్స్ చేయడానికి పెట్టుకున్నది. మొదట్లో ఆఫీసు హేగ్‌లో, ఇంకొకటి కేప్‌టౌన్‌లో ఉండేవి. తర్వాతి విడతల్లో నిర్లక్ష్యానికి గురైన మిగతా జబ్బులను కూడా చేర్చారు. ట్రయల్స్‌తో పాటు ఆఫ్రికా శాస్త్రవేత్తలకి ఫెలోషిప్‌లు, పరిశోధనల మంచిచెడ్డలు చూసే అక్కడి ఎథిక్స్ కమిటీలకి, మందుల నియంత్రణ సంస్థలకి శిక్షణ కూడా దీని నిధుల్లోంచే వెళ్తాయి. నా దృష్టిలో ట్రయల్స్ కంటే అదే ముఖ్యం. ఎందుకంటే ప్రాజెక్టు ముగిశాక కూడా మనిషి ఆ దేశంలోనే ఉంటాడు.

రెండోది డీఎన్‌డీఐ. సరిహద్దులు లేని డాక్టర్ల సంస్థకి 1999లో నోబెల్ శాంతి బహుమతి వచ్చాక, పేదల జబ్బులకి మందులు ఎందుకు రావట్లేదన్న ఆలోచనలోంచి పుట్టింది. స్థాపించినవాళ్ళలో మన ఐసీఎంఆర్, బ్రెజిల్, కెన్యా, మలేషియాల సంస్థలు, ఫ్రాన్స్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. అంటే భారతదేశం అక్కడ చేయి చాచి నిలబడలేదు, బల్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది.

వాళ్ళు చేసిన ఒక పని చెబుతాను. ఆఫ్రికాలో సెట్సీ ఈగ వల్ల వచ్చే నిద్రజబ్బు. పరాన్నజీవి మెదడులోకి చేరితే వాడే పాత మందు మెలార్సోప్రోల్, ఆర్సెనిక్‌తో చేసినది. నరంలో ఎక్కిస్తే మంట. ఎక్కించుకున్న ప్రతి ఇరవై మందిలో సుమారు ఒకరు ఆ మందు వల్లే చనిపోయేవారు. ఎక్కించకపోతే జబ్బు చంపుతుంది. డాక్టర్లు ఏళ్ళ తరబడి ఆ స్థితిలో పనిచేశారు. ఒక జర్మన్ కంపెనీ 1970ల్లో పరిశోధించి పక్కన పడేసిన ఫెక్సినిడజోల్ అనే పదార్థాన్ని డీఎన్‌డీఐ మళ్ళీ వెలికి తీసింది. సనోఫీతో కలిసి, కాంగోలోనూ మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లోనూ, సరిగా కరెంటు లేని ఆసుపత్రుల్లో ట్రయల్స్ చేసింది. 2018లో ఆమోదం వచ్చింది. ఇప్పుడు పది రోజులు మాత్రలు మింగితే చాలు. లాభం లేదని ఒకప్పుడు వదిలేసిన మందు అది. రోగులు కొత్తగా పుట్టుకురాలేదు, అడిగేవాళ్ళు పుట్టుకొచ్చారు.

ఇక నీ బోదకాలు సంగతి. ఇప్పుడు ఐవర్‌మెక్టిన్, డీఈసీ, ఆల్బెండజోల్ మూడూ కలిపి ఇస్తున్నారు కదా. పాపువా న్యూగినీలో చేసిన ట్రయల్‌లో మూడు మందులూ కలిపి ఒక్కసారి ఇస్తే, రెండు మందుల పద్ధతి కంటే చాలా బాగా పనిచేశాయని తేలింది. తర్వాత ఐదు దేశాల్లో 26 వేల మందికి పైగా జనం మీద భద్రత చూశారు. ఆ ఐదింటిలో మనదొకటి. అధ్యయనం జరిగింది కర్ణాటక యాద్గిర్‌లో, తెలంగాణ సరిహద్దు పక్కనే. 2017లో డబ్ల్యూహెచ్ఓ సిఫారసు చేసింది. ఆఫ్రికాలో రివర్ బ్లైండ్‌నెస్ (ఇంకో రకం పురుగు వల్ల చూపు పోయే జబ్బు) ఉన్న ప్రాంతాల్లో మాత్రం ఇందులో డీఈసీ ఇవ్వకూడదు, కళ్ళు దెబ్బతినే ప్రమాదముంది. ఒక దేశంలో సురక్షితమైన మందు ఇంకో దేశంలో ప్రమాదం కావచ్చు. ఇన్ని దేశాలు కలిసి పనిచేయక తప్పదని నేననేది ఇందుకే.

పాత ఫైలేరియా యూనిట్

యాద్గిర్ సంగతి నాకు తెలియదు, చెప్పినందుకు సంతోషం. ఏళ్ళ తరబడి ఏటా ఒకే మాత్ర మింగించి జనానికీ విసుగొచ్చింది, మాకూ వచ్చింది. తక్కువ విడతల్లో తేలిపోతుందంటే ఆ పంచే పిల్లలకి ఎంత ఊరటో.

పరవాడ ఫార్మా

డబ్బు గురించి ఒక మాట. 2025లో అమెరికా, విదేశాలకి సాయమందించే తన సంస్థ యూఎస్ఎయిడ్‌ని మూసేసింది. ఒక్క ఉత్తర్వుతో కొన్ని ట్రయల్స్ మధ్యలో ఆగిపోయాయి, పాల్గొంటున్నవాళ్ళని చూసే సిబ్బంది కూడా లేకుండా పోయారు. చేరే ముందు నీ ప్రాజెక్టుకి డబ్బు ఎక్కణ్ణుంచి, ఎన్నేళ్ళకి ఖాయమైందో కనుక్కో. నీ జీతం కోసం కాదు. మందు వేసుకున్న మనిషిని మధ్యలో వదిలేయకూడదు.

ఎథిక్స్ కమిటీ మాస్టారు

నేను డాక్టర్ని కాదు, తెలుగు మాస్టారిగా రిటైరయ్యాను. ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో సామాన్యుల తరఫు సభ్యుణ్ణి. చట్ట ప్రకారం మాలాంటివాళ్ళు ఆ కమిటీల్లో ఉండి తీరాలి. అమ్మాయీ, నీకు ఉపయోగపడేవి చెబుతాను.

విదేశీ సంస్థతో కలిసి చేసే ఆరోగ్య పరిశోధనకి మన ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటే సరిపోదు. కేంద్ర ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ, హెచ్ఎంఎస్‌సీ అంటారు, అనుమతి కూడా కావాలి. ఐసీఎంఆర్ దాన్ని చూస్తుంది. నమూనాలు బయటికి వెళ్ళాలంటే ఎన్ని, ఎందుకు, మిగిలినవి ఏం చేస్తారు అని రాతపూర్వక ఒప్పందం ఉండాలి. మందు పరీక్షించే ట్రయల్ అయితే మొదటి మనిషిని చేర్చకముందే మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో నమోదు కావాలి, 2009 నుంచి ఇది తప్పనిసరి. ట్రయల్‌లో హాని జరిగితే ఇచ్చే పరిహారం సంగతి 2019 నిబంధనల్లో స్పష్టంగా ఉంది. సీటీఆర్ఐ నమోదు ఎవరైనా చూడొచ్చు. మా పక్కింటి కుర్రాడికి ఫోన్‌లో చూడడం నేనే నేర్పాను.

సమ్మతి పత్రం చేతికొచ్చినప్పుడు నేను మొదట వెతికేది ఒక్కటే. రాత్రి జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేయాలి? అక్కడ ల్యాండ్‌లైన్ నంబరు, ఆఫీసు వేళలు ఉంటే వెనక్కి పంపిస్తాను. మనిషి ఎత్తే మొబైల్ నంబరు రాయండి అంటాను. కొందరు పరిశోధకులు విసుక్కుంటారు, ఫరవాలేదు. రెండోది, చదువురాని మనిషి వేలిముద్ర వేస్తే పక్కన సాక్షి ఎవరు? పరిశోధన బృందంలోని మనిషే సాక్షిగా సంతకం పెట్టి ఉంటే ఆ సంతకం చెల్లదని చెబుతాను. ఖమ్మంలో జరిగింది చదివాక ఈ రెండింట్లో ఎవరికీ మినహాయింపు ఇవ్వట్లేదు.

కోనసీమ మైక్రో

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నా. ఇక్కడ చదివిందంతా ఒక కాగితం మీద రాసుకుని, నాకు గైడ్‌గా ఉండబోయే మేడం దగ్గరికి వెళ్ళాను. కోప్పడతారేమో అనుకున్నా. కూర్చోబెట్టి మాట్లాడారు.

హెచ్ఎంఎస్‌సీ అనుమతి ఉంది, కాగితం చూపించారు. నమూనాల్లో సగం ఇక్కడే ఉంటాయి, బయటికి వెళ్ళినవి చెప్పిన పరీక్షలకే వాడాలని, ఆ తర్వాత నాశనం చేయాలని ఒప్పందం. పేపర్లలో మన బృందం పేర్లు ఎక్కడుంటాయో ముందే రాసుకున్నారట. రాత్రి సర్వేలో పాజిటివ్ వచ్చిన ప్రతి మనిషికీ పూర్తి చికిత్స, అదీ మన జిల్లా యూనిట్ ద్వారానే. నిధులు నాలుగేళ్ళకి ఖాయం.

చివరగా, ఫలితాలు ఊళ్ళకి ఎవరు చెబుతారు అని అడిగాను. మేడం ఆగిపోయారు. వ్యక్తిగత రిపోర్టు ఇస్తారట కానీ, మొత్తం ఊరికి ఏం తేలిందో చెప్పడానికి ప్లాన్‌లో ఏమీ లేదు. బడ్జెట్ కూడా లేదు. "నువ్వే రాసుకురా, చూద్దాం" అన్నారు.

భద్రాద్రి గళం

అదే అసలైన పని చెల్లీ. రాయి. ఊరి సభ పెట్టండి, ఎందరికి పురుగు ఉందో, ఏ వీధి మురుగుకాల్వ దగ్గర దోమలు ఎక్కువో జనం ముందు చెప్పండి. ఆ లెక్క చేతిలో ఉంటే ఊరు పంచాయతీని నిలదీస్తుంది.

ఎథిక్స్ కమిటీ మాస్టారు

ప్రొటోకాల్‌కి, అంటే ఆమోదం పొందిన పరిశోధన ప్లాన్‌కి, సవరణగా పంపించాలి. ఒక పేజీ చాలు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చెబుతారు, ఎవరి పేరూ బయటికి రాకుండా ఎలా చూస్తారు, అంత రాయి. ఊళ్ళో ఫలానా ఇంట్లో బోదకాలు ఉందని తెలిస్తే పెళ్ళి సంబంధాలు చెడిపోతాయి, కాబట్టి వీధి లెక్కే చెప్పాలి గానీ ఇంటి లెక్క చెప్పకూడదు. మైకు, షామియానా ఖర్చు కూడా బడ్జెట్‌లో వేయి. అడగకపోతే ఎవరూ ఇవ్వరు.

పాత ఫైలేరియా యూనిట్

సభ పగలు పెట్టకండి, కూలికి వెళ్ళిపోతారు. రాత్రి ఏడున్నరకి పెట్టండి. రాసింది ఇక్కడ పెట్టమ్మా, పంపే ముందు అందరం ఒకసారి చూస్తాం.

కోనసీమ మైక్రో

ఆదివారం లోపు పెడతాను అండీ. సోమవారం చేరుతున్నాను.